ఈటె వెనక గాలి

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు మీద ఒక పంక్చర్ షాపు ఉంది. కిందటి వేసవిలో ఒక పొద్దున మా మేనల్లుడు నన్ను వెంటేసుకుని అక్కడికి పోయాడు. వాడు మస్కట్‌లో ఏసీ మెకానిక్. సెలవుకు వస్తూ అత్తరు సీసాలు, ఖర్జూరాలతో పాటు దుప్పట్లో చుట్టి ఒక నల్లటి గొట్టం తెచ్చాడు. అది చేపలను కొట్టే తుపాకి. అక్కడివాళ్లు స్పియర్‌గన్ అంటారు, ఇది గాలితో పనిచేసే రకం. విమానం ఎక్కేముందు గాలంతా తీసేశాడు కాబట్టి మళ్లీ నింపాలి. చేతిపంపుతో మూడు వందల దెబ్బలు కొట్టడం ఎందుకు, కంప్రెసర్‌తో అయితే అర నిమిషం పని అని వాడి లెక్క.

షాపతను గొట్టం వెనక మూత విప్పి చూసి నవ్వాడు. "దీనికి మన నాజిల్ పట్టదప్పా. పట్టినా లాభం లేదు. దీనికి ఇరవై బార్లు కావాలంటావు, మాది ఎనిమిది దాటితే ఆగిపోతాది" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ పాఠం చెప్పినవాణ్ణి. ఆ మనిషి ఒక్క మాటలో చెప్పిన సంగతి నాకు ఒక పీరియడ్ పట్టేది. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువు. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. సరుకు లారీ టైరులో ఏడెనిమిది. ఈ తుపాకిలో మామూలుగా ఇరవై. కొందరు ఇరవై అయిదు, ముప్పై దాకా కూడా ఎక్కిస్తారు. అంటే చంకలో పెట్టుకుని తిరిగే ఈ గొట్టంలో లారీ టైరులో కన్నా దాదాపు మూడింతల ఒత్తిడి ఉంటుందన్నమాట. చూస్తే సైకిల్ పంపులా ఉంటుంది, అదే దీనితో వచ్చిన చిక్కు. జనం దాన్ని పంపులాగే చూస్తారు.

లోపల ఉన్నది కూడా నిజానికి పంపే, కాకపోతే తిరగేసిన పంపు. పైకి కనిపించే లావు గొట్టం గాలి తిత్తి. దాని నడుమ సన్నటి ఇంకో గొట్టం, దాంట్లో పిస్టన్. మూతిలోంచి ఉక్కు కడ్డీని తోక వైపు నుంచి దూర్చి లోపలికి నెడితే అది పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. వెనక ఉన్న గాలి ఇంకాస్త బిగుసుకుంటుంది. చివరికి పోయాక పిస్టన్ తోక ట్రిగ్గర్ దగ్గరి కొక్కేనికి చిక్కి "టిక్" మంటుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదిలేస్తుంది, గాలి పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ కడ్డీని తోస్తుంది. మూతి దగ్గర పిస్టన్ ఒక మెత్తటి అడ్డుకు తగిలి ఆగిపోతుంది, కడ్డీ మాత్రం పోతుంది. గాలి బయటికి పోదు. ఒకసారి నింపితే వాషర్లు బాగున్నన్నాళ్లూ అదే గాలి మళ్లీ మళ్లీ పనిచేస్తుంది. ప్రతి దెబ్బకూ కావలసిన బలం మాత్రం మన చేతిదే. గాలి దాన్ని కాసేపు దాచిపెట్టి ఒక్కసారిగా తిరిగి ఇస్తుంది, అంతే.

ఆ చేతి బలం ఎంతో లెక్కేయడానికి కాగితం అక్కర్లేదు. నడిమి గొట్టం లోపలి వెడల్పు 13 మిల్లీమీటర్లు అయితే పిస్టన్ మొహం చదరపు సెంటీమీటరుకు మూడోవంతు ఎక్కువ. ఇరవై బార్ల దగ్గర దాని మీద ఉండే తోపు 27 కిలోలు. కడ్డీ లోపలికి పోయేకొద్దీ గాలి నొక్కుకుపోతుంది కాబట్టి చివరికి 35 దాకా ఎక్కుతుంది. కొట్లో 26 కిలోల సోనామసూరి బియ్యం బస్తా చూసి ఉంటారు. అంతకంటే ఎక్కువ బరువును వేలెడు లావు లేని కడ్డీ కొస మీద, ఒంటి చేత్తో, నీళ్లలో తేలుతూ నెట్టాలి. ఇప్పుడు 11 మిల్లీమీటర్ల గొట్టాలతో వచ్చే రకాలు ఉన్నాయి. వాటిలో అదే ఒత్తిడికి తోపు 19 కిలోల దగ్గర మొదలై 25 దగ్గర ఆగుతుంది. రెండు మిల్లీమీటర్లే తేడా, మోచేతికి మాత్రం అది బాగా తెలుస్తుంది.

మావాడు కొన్నది 13 మిల్లీమీటర్లది, పొడవు 110 సెంటీమీటర్లు. ఆ కొట్లో ఉన్నవాటిలో అదే పెద్దదట. మన రైతుల్లో కొందరు బోరులో ఇంచున్నర నీళ్లు లేకపోయినా పది హెచ్‌పీ మోటారు దించుతారు చూడండి, అలాంటి కొనుగోలు.

ఇక జరిగింది చెబుతాను. ఆ సాయంత్రం వాడు మా అక్క ఇంటి వసారాలో కూర్చుని చేతిపంపుతోనే గాలి నింపాడు. అరుగు మీద చుట్టుపక్కల పిల్లలంతా చేరారు. వాళ్లకు చూపించాలని గొట్టం మడమను నేలకు ఆనించి, కడ్డీని మూతిలో దూర్చి, చేతిపిడి కొసకు తగిలించి, ఒళ్లంతా బరువేసి నెట్టాడు. "టిక్" మంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అప్పుడు మా అక్క అడిగింది: "ఇప్పుడు దాన్ని ఎట్ల దించుతావురా?"

వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఈ తుపాకి నీళ్ల కోసం కట్టినది. నీరు గాలి కంటే ఎనిమిది వందల రెట్లు చిక్కన. నీళ్లలో కడ్డీ మూడు నాలుగు మీటర్లు పోయేసరికి దాని ఊపు చచ్చిపోతుంది. గాలిలో దాన్ని ఆపేది ఏదీ లేదు. గోడకు తగిలితే వెనక్కి ఎగురుతుంది, తాడు కట్టి ఉంటే ఆ తాడు చివరిదాకా సాగి అదే కడ్డీని కొట్టినవాడి మీదికి లాగుతుంది. పిస్టన్ కూడా ఎదురుగా నీటి బరువు లేక అడ్డును గట్టిగా గుద్దుకుంటుంది. కడ్డీ లేకుండా ఉత్త ట్రిగ్గర్ నొక్కినా ఇదే కథ. పోనీ వెనక వాల్వు సూది నొక్కి గాలి వదిలేద్దామా అంటే, లోపల కడ్డీ బిగిసి ఉండగా వెనక మూత ముట్టుకోవద్దు, ముందు తుపాకిని ఖాళీ చేయాలి అని దానితో వచ్చిన చిన్న పుస్తకమే చెబుతోంది. ఆ పుస్తకం అంతవరకూ సీలు తీయకుండా ఉన్న కవరులో ఉంది.

ఊరి బయట మా చిన్నాన్నవాళ్ల తోటలో ఒక పాత మోటబావి ఉంది. వాడు గొట్టం మూతిని నేలకేసి పట్టుకుని ముందు నడిచాడు, నేను పదడుగుల వెనక. దారిలో ఎదురైన గొర్రెల కాపరి మమ్మల్ని చూసి మందను పక్కకు తోలుకున్నాడు. బావిలో ఈత కొడుతున్న పిల్లలను బయటికి పంపి, వాడు కడపటి మెట్టు మీద మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, గొట్టం మొత్తం ముంచి, ఎదుటి గోడకు కాకుండా అడుగుకు ఏటవాలుగా పెట్టి నొక్కాడు. గట్టు మీదికి వినిపించింది చిన్న "టక్" చప్పుడే. తాడు బిర్రుగా సాగింది, బురద లేచింది. కడ్డీని పైకి లాగితే కొస కొక్కెంలా వంగిపోయి ఉంది. అడుగున ఏదో బండ తగిలింది.

ఆ తర్వాతే ఇద్దరం ఆ పుస్తకం చదివాం.

లోడు చేయడం నీళ్లలోకి దిగాకనే జరగాలి, అదీ చుట్టుపక్కల మనిషి లేడని చూసుకున్నాక. మొదట కడ్డీ తోక మూతిలో సూటిగా కూర్చుందా, తాడు ఎక్కడా మెలిపడలేదా చూసుకోవాలి. కడ్డీకి ఒక చిన్న కడియం ఉంటుంది, తాడు కట్టేది దానికే. కడ్డీ లోపలికి పోతుంటే అది జారుతూ మూతి దగ్గరికి వచ్చి ఆగుతుంది. వదిలినప్పుడు తిరిగి తోకదాకా జారుతుంది. ఇక నెట్టడం. గొట్టం మడమను పాదం పైభాగాన గానీ తొడమీద గానీ ఆనించి, కొసకు చేతిపిడి తగిలించి, మోచెయ్యి చాపుతూ ఒకే ఊపున, కుదుపు లేకుండా నెట్టాలి. కుదిపితే సన్నటి కడ్డీ వంగుతుంది. సగంలో చెయ్యి అలిసిపోతే వదలకూడదు, నెమ్మదిగా వెనక్కి రానివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ఈ పని చేసేటప్పుడు కడ్డీ మొన పైకి, అంటే మన మొహం వైపుకే చూస్తుంటుంది. తల ఆ గీతలో ఉండకూడదు. మెడ పక్కకు వాల్చి నెట్టేవాడే పని తెలిసినవాడు.

"టిక్" విన్నాక కూడా చటుక్కున చెయ్యి తీయరు. పట్టు కొంచెం కొంచెంగా వదులుతూ కడ్డీ నిలబడిందా అని చూస్తారు. కొక్కెం అరిగినా, ఇసుక చేరినా అది పట్టినట్టే పట్టి జారుతుంది. నిలబడిందని తేలాకే పిడి తీసి, తాడును ట్రిగ్గర్ పక్కనున్న మేకుకు తిప్పి మూతికి తెచ్చి బిగిస్తారు. సేఫ్టీ మీట ఉంటుంది గానీ, అది ఉందికదా అని మూతిని మనిషి వైపు తిప్పేవాణ్ణి నేనైతే పడవ ఎక్కనివ్వను. ఒడ్డుకు వచ్చేముందు నీళ్లలోనే, ఖాళీ వైపు చూసి కొట్టి, ఉత్త తుపాకితో రావాలి. ఇటలీలో 1968 నాటి చేపల వేట నిబంధనల్లోనే ఈ మాట ఉంది: నీళ్లలో మునిగి ఉంటే తప్ప తుపాకి బిగించి ఉండకూడదు. అక్కడి నిబంధనల ప్రకారం పదహారేళ్లు నిండనివాడు పట్టకూడదు, ఊపిరికి గాలి సిలిండర్లు వీపున కట్టుకుని వేటాడకూడదు, పొద్దుగూకాక అసలే దిగకూడదు. ఈ తుపాకులు చేసే పేరున్న కంపెనీలు కొన్ని ఆ దేశానివే. 1946లో జెనోవాలో పుట్టిన క్రెస్సీ, 1949లో రపాల్లోలో పుట్టిన మారెస్ పేర్లు మస్కట్ కొట్లలో కూడా వినిపిస్తాయి.

మరి ఎంచుకోవడం ఎలా? కొట్లో అందరూ మొదట అడిగేది "ఎంత దూరం పోతుంది" అని. అడగవలసింది "నాకు నీళ్లలో ఎంత దూరం కనిపిస్తుంది" అని, అదీ తనను తాను. బండల సందుల్లో, మసక నీళ్లలో వెతికేవాడికి 40 నుంచి 55 సెంటీమీటర్ల పొట్టి గొట్టం. అటూ ఇటూ పనికొచ్చేది 70 నుంచి 90. నీళ్లు అద్దంలా ఉండి, చేప దగ్గరికి రాని నడిసముద్రానికే 100 దాటినవి. పొడవు పెరిగేకొద్దీ నీళ్లలో అటూ ఇటూ తిప్పడం కష్టం, నెట్టవలసిన దూరమూ పెరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మొహానికి అద్దం పెట్టుకుని నీళ్లలో చూస్తే ప్రతిదీ ఉన్నదానికంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. మూడు మీటర్లని అనుకున్న చేప నిజంగా నాలుగు మీటర్లలో ఉంటుంది. కొత్తవాళ్ల దెబ్బలన్నీ పొట్టిగా పడటానికి, చేప గురించి ఒడ్డున చెప్పే కొలతలు పెద్దవి కావడానికి కారణం ఒకటే.

కొన్నింటికి పిడి పక్కన బలం తగ్గించే మీట ఉంటుంది. అది గాలి తిత్తిలో కొంత భాగాన్ని వేరు చేస్తుంది, బండ సందులో రెండడుగుల దూరంలో ఉన్న చేపకు మొత్తం బలం వాడనక్కర్లేదు కాబట్టి. అది పనికొచ్చే వస్తువే. మూతి దగ్గర రబ్బరు కట్టుతో నడిమి గొట్టంలోకి నీళ్లు రాకుండా చేసే రకాలూ ఉన్నాయి. పిస్టన్ నీటిని నెట్టే శ్రమ తప్పుతుంది, అదే గాలికి కడ్డీ జోరుగా పోతుంది. కానీ ఆ కట్టు చిరిగితే సామాను ఎక్కడ దొరుకుతుందో కొనేముందే తెలుసుకోవాలి.

గాలిది కాకుండా రబ్బరు పట్టీలతో, పెద్ద గులేరులా పనిచేసే రకం ఒకటుంది. పట్టీలు ఎండకు సైకిల్ ట్యూబులా బీటలు వారతాయి, కానీ కత్తెర ఉంటే ఎక్కడైనా మార్చుకోవచ్చు. చప్పుడు తక్కువ, కడ్డీ కంటికి ఎదురుగా ఉంటుంది కాబట్టి గురి సులువు. గాలిది పొట్టిగా ఉండీ బలంగా కొడుతుంది, అందుకే సందుల్లో వేటాడేవాళ్లు దాన్నే ఇష్టపడతారు. పాడైతే మాత్రం పట్టుమని రూపాయి ఖరీదు చేయని ఒక ఓరింగు కోసం మొత్తం మూలపడుతుంది. నా మాట అడిగితే, మొదటిసారి కొనేవాడు రబ్బరుదే కొనాలి. మావాడు ఇప్పటికీ ఒప్పుకోడు.

సెలవు అయిపోయేలోగా వాడికి ఒక కోరిక ఉండిపోయింది, దాన్ని తుంగభద్రలో ఒక్కసారి దించాలని. మంత్రాలయం పోయాం. మఠం ఎదుటి ఘట్టం దగ్గర కాదు, అక్కడ రోజూ వేలమంది స్నానాలు చేస్తారు. ఆ చోట ఇలాంటిది సంచిలోంచి తీయడం కూడా తప్పు. ఊరు దాటి, బండలు తేలిన చోట, బెస్త పెద్దాయన ఒకరు పుట్టి ఒడ్డుకు లాగి వల ఆరేసుకుంటున్నారు. వెదురు బద్దల బుట్ట, కింద తారు పూసిన పట్టా. మావాడు తుపాకి చూపించాడు, ఖాళీదే. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, కింద పెట్టి, చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచాడు.

"నా వేళ్లు కనపడుతుండాయా?"

కనపడలేదు. వేసవిలో నీళ్లు తక్కువగా ఉండి కాస్త తేటగా ఉండే రోజులే అవి. అయినా అరచెయ్యి మసకబారింది, వేళ్లు మాయమయ్యాయి. వానలు పడి పైనుంచి ఎర్రనీళ్లు దిగితే మణికట్టు కూడా కనపడదు. మీటరు చూపు లేని చోట 110 సెంటీమీటర్ల గొట్టం పట్టుకుంటే, మొన ఎక్కడుందో పట్టుకున్నవాడికే తెలియదు. ఆ మొన ముందు చేప ఉందో, మునిగి ఈదుతున్న పిల్లాడు ఉన్నాడో అసలే తెలియదు.

చిన్నప్పుడు తన తండ్రి ఎండిపోయే మడుగుల్లో కొర్రమట్టలను ఈటెతో పొడిచేవాడని పెద్దాయన చెప్పాడు. "చేప కనపడిన తావున ఉండదు సార్. దాని కిందికి పొడవల్ల" అన్నాడు. నీటిలో ముంచిన కర్ర విరిగినట్టు కనిపించడం గురించి నేను బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి. ఒడ్డు మీంచి చూసేవాడికి చేప ఉన్నదానికంటే పైన కనిపిస్తుంది. పూర్తిగా మునిగి అద్దంలోంచి చూసేవాడికి చేప పైకి జరగదు, దగ్గరికి జరుగుతుంది. ఆయన విద్య ఒడ్డుది, మావాడిది లోపలిది. రెండింటికీ గురి వేరు.

నదిలో వేటకు చట్టమూ ఉంది. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నిషేధించింది. ఇదే నదిలో, ఎగువన హొసపేట నుంచి కంప్లి వరకు ఉన్న భాగాన్ని కర్ణాటక 2015లో నీటికుక్కల రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. సముద్రంలో కూడా కంటికి కనిపించినదల్లా కొట్టకూడదు. బండల్లో కదలకుండా నిలబడి సులువుగా దొరికే రాక్షస బొంతచేపకు, అంటే మనిషంత పెరిగే గ్రూపర్‌కు, 2001 నుంచి మన వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది. వలకు చేపను ఎంచుకునే వీలు లేదు, తుపాకికి ఉంది. ఈ వేటలో నాకు నచ్చిన గుణం అదొక్కటే. ఏ చేపో, ఎంత చేపో చూసి కొట్టొచ్చు, చిన్నదైతే వదిలేయొచ్చు.

తుపాకి కంటే ఎక్కువ ప్రాణాలు తీసేది ఊపిరి. లోపల ఎక్కువసేపు ఉండాలని దిగేముందు గబగబా ఊపిర్లు తీసి వదిలేవాళ్లు ఉంటారు. దాంతో ఆక్సిజన్ పెద్దగా పెరగదు, ఊపిరి తీసుకోమని ఒంటికి చెప్పే బొగ్గుపులుసు గాలి మాత్రం తగ్గిపోతుంది. మనిషికి ఆయాసమే తెలియదు. పైకి వస్తూ వస్తూ, నీటి మట్టానికి ఇంకాస్త దూరం ఉందనగా స్పృహ తప్పుతుంది. అందుకే ఒంటరిగా దిగరు. ఒకడు మునిగితే ఇంకొకడు పైన ఉండి చూడాలి, మునిగినవాడు పైకి వచ్చాక కూడా కనీసం అర నిమిషం దాకా కన్ను తీయకూడదు.

తుపాకిని వాడాక మంచినీళ్లతో కడగాలి, మూతిలో ఇసుక ఉండకుండా. ఏ మర విప్పాలన్నా ముందు గాలి పూర్తిగా తీయాలి. ఏప్రిల్ ఎండలో కారు డిక్కీలో వదిలేస్తే లోపలి ఒత్తిడి పదోవంతు పైగా పెరుగుతుంది, కాబట్టి నీడలో, కడ్డీ తీసి, పడుకోబెట్టి ఉంచాలి.

మావాడు మస్కట్ పోయి ఆ 110ని అమ్మేసి 75 తీసుకున్నాడు, 11 మిల్లీమీటర్లది. వంగిన కడ్డీ మాత్రం ఇక్కడే ఉండిపోయింది. మా అక్క దాంతో మిద్దె మీద వడియాల దగ్గర కోతులను అదిలిస్తోంది.

గల్ఫ్‌లోనో ఇంకెక్కడో ఉండి ఇలాంటిది కొనాలనుకునేవాళ్లు గొట్టం లోపలి వెడల్పు, నింపిన గాలి, దొరికే విడిభాగాలు ఈ మూడూ అడిగి కొనండి. కొట్లోవాడు "ఉండండి, లోడు చేసి చూపిస్తా" అంటే మాత్రం డబ్బులు జేబులో పెట్టుకుని బయటికి వచ్చేయండి.